ధర పెరగని వాన

ఇంగ్లండ్ పల్లె భవంతుల కథ – తొమ్మిదో భాగం

జులై ముసురులో డెర్బీషైర్‌లోని కాక్ ఆబీ చూడబోయినవారికి మొదట కనిపించేది భవంతి కాదు, గుర్రపుశాలలు. టికెట్టూ అక్కడే, టీ కూడా అక్కడే. ఇల్లు ఆ పక్క పల్లంలో దాక్కుని ఉంటుంది. సర్ జాన్ హార్పర్ 1701–1704 మధ్య కట్టించిన రాతి కట్టడం అది. ముందున్న గ్రీకు స్తంభాల వసారా వందేళ్ళ తర్వాత తగిలించింది. పేరులో ఆబీ ఉన్నా అక్కడ ఎన్నడూ ఆబీ లేదు. ఒకప్పుడు ఉన్నది చిన్న అగస్టీనియన్ మఠం. పెద్ద పేరు 1808లో ఇంటివారు తమంతట తాము పెట్టుకున్నది. లోపల కిటికీలకు తెరలు దించి ఉంటాయి. మబ్బు పట్టిన వెలుతురు కూడా పాత పట్టుబట్టలకు ఎక్కువే. ఆ మసకలో ఊడి వేలాడుతున్న గోడకాగితం, కప్పు సున్నం మీద గోధుమరంగు వలయాలుగా ఎండిపోయిన తడి మరకలు, గాజు పెట్టెల్లో లోపల కూరి నిలబెట్టిన పక్షులు, పనికిరాని సామాను పేర్చి తలుపు వేసేసిన గదులు కంటికి ఆనతాయి. 1985లో ఈ ఇల్లు చారిత్రక కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్టు చేతికి వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంచాలని ట్రస్టు తీర్మానించింది. కప్పు బాగుచేశారు, గోడలకు దన్ను ఇచ్చారు, శిథిలాన్ని మాత్రం తుడవలేదు. మిగతా భవంతులు మెరుగు పెట్టిన ముఖంతో అతిథిని పలకరిస్తాయి, ఇది రోగపు మొహంతోనే పలకరిస్తుంది. అందుకే ఈ భాగంలో అడగబోయే ప్రశ్నకు ఇంతకు మించిన సాక్షి లేదు.

ప్రశ్న చిన్నదే. దొరల ఇళ్ళలోకి టికెట్టు కొనుక్కుని మామూలు జనం ఎలా వెళ్ళగలుగుతున్నారు? ఆ ఇళ్ళు వాటి సొంతదారుల చేయి ఎందుకు జారాయి? దీనికి ఇంగ్లండ్‌లో చిన్నపిల్లలు కూడా చెప్పే జవాబు ఒకటుంది: రెండు ప్రపంచ యుద్ధాలు, మరణ పన్ను. వారసుడు యుద్ధంలో పోయాడు, తండ్రి పోగానే సర్కారు ఆస్తిలో సగం పట్టుకుపోయింది, నౌకర్లు ఫ్యాక్టరీలకు వెళ్ళిపోయారు, ఇల్లు కూలింది. ఈ కథలో అబద్ధం లేదు, ఆలస్యం ఉంది. రోగి చనిపోయిన రోజు వచ్చిన జ్వరాన్నే రోగమంతా అనుకోవడం లాంటిది. అసలు దెబ్బ అంతకు నలభై ఏళ్ళ ముందే, ఒక వేసవి వానలో తగిలిందని నా వాదన. ఆ వాన 1879 నాటిది. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే దెబ్బ కొట్టింది వాన కాదు. అంత వాన పడ్డా గోధుమ ధర పెరగకపోవడం.

వేసవి వాన అనగానే మనకు చెడ్డ మాటగా తోచదు. రోహిణి కార్తె ఎండల మధ్య ఒక జల్లు పడితే సంబరపడే జనం మనం. ఇంగ్లండ్ గోధుమకు లెక్క తిరగబడుతుంది. శరదృతువులో చల్లిన గింజ చలికాలమంతా మన్నులో గడిపి, జూన్‌లో పాలు పోసుకుని, జులైలో గట్టిపడి, ఆగస్టులో కోతకు వస్తుంది. అప్పుడు దానికి కావలసింది ఎండ. కోసి నిలబెట్టిన పనల మీద వాన పట్టిందంటే, కోతల వేళ తుపాను పట్టిన మన డెల్టా వరికి ఏమవుతుందో దానికీ అదే అవుతుంది: కంకి మీదే గింజ మొలకెత్తుతుంది. 1879లో అక్కడ వేసవి రానేలేదు. ఇంగ్లండ్‌లో లెక్కలు రాయడం మొదలైన నాటి నుంచీ చూసినా అత్యంత తడిగా, అత్యంత చల్లగా గడిచిన ఏళ్ళలో అదొకటి. గోధుమ దిగుబడి మామూలులో సగానికి దగ్గరగా పడిపోయింది. ఎండుగడ్డి మైదానాల్లోనే కుళ్ళింది. తడి మేతలో తిరిగిన గొర్రెలకు కార్జపు జలగ రోగం పట్టి, ఆ తరువాతి రెండేళ్ళలో అవి లక్షల సంఖ్యలో చచ్చాయి. ఆ ఏడాదే ప్రభుత్వం రిచ్మండ్ డ్యూక్ అధ్యక్షతన ఒక రాయల్ కమిషన్ వేసింది. ఊరూరా కౌలుదార్లు దాని ముందు చెప్పుకున్న గోడులో వాన మాటే ఎక్కువ.

అయితే చెడ్డ పంటలు ఇంగ్లండ్‌కు కొత్తవి కావు. వందల ఏళ్ళుగా ఒక సర్దుబాటు నడుస్తూ వచ్చింది. పంట తగ్గితే ధర పెరుగుతుంది. పది బస్తాలకు వచ్చే డబ్బు ఆరు బస్తాలకే వస్తుంది. కౌలుదారు దొరకు కౌలు కడతాడు. దొర ఇంటి పొయ్యిలో నిప్పు ఆరదు. నష్టమంతా రొట్టె కొనుక్కుని తినే పేదవాడిది. భవంతి పునాది అసలు ఈ సర్దుబాటు మీదే ఉంది. 1879లో అది తెగింది. ఒక క్వార్టరు గోధుమ, అంటే సుమారు 218 కిలోలు, 1877లో 56 షిల్లింగుల 9 పెన్సులు పలికింది. పంట సర్వనాశనమైన 1879లో రెట్టింపు కావలసిన ధర 43 షిల్లింగుల 10 పెన్సులకు దిగింది. కారణం లివర్‌పూల్ రేవులో కనిపిస్తుంది. అమెరికాలో అంతర్యుద్ధం ముగిశాక అక్కడి మధ్య మైదానాల గుండా రైలు పట్టాలు పరుచుకున్నాయి. చౌకగా తోలే ఆవిరి ఓడలు వచ్చాయి. ధాన్యం దిగుమతి మీద సుంకాలు వేసే చట్టాన్ని ఇంగ్లండ్ 1846లోనే ఎత్తేసింది. ముప్పై ఏళ్ళు ఆ ఎత్తివేత కాగితం మీది భయంగానే ఉండిపోయింది, ఎందుకంటే అంత గోధుమ మోసుకొచ్చే దారి లేదు. దారి పడ్డాక ఒక్క తడి వేసవి చాలింది. ఆ తర్వాత ఎండలు కాసినా ధర కోలుకోలేదు. 1894లో క్వార్టరు 22 షిల్లింగుల 10 పెన్సులకు చేరింది. పదిహేడేళ్ళ కిందటి ధరలో సగం కూడా కాదు.

ధర పడితే కౌలు పడుతుంది. 1870ల మధ్య నుంచి 1890ల మధ్య దాకా ఇంగ్లండ్‌లో కౌళ్ళు సగటున నాలుగో వంతు తగ్గాయని ఆర్థిక చరిత్రకారుల లెక్క. ఎసెక్స్, సఫోక్ లాంటి తూర్పు ధాన్యపు సీమల్లో తగ్గుదల అంతకన్నా చాలా ఎక్కువ. నాలుగో వంతు పోతే మూడు వంతులు మిగిలినట్టే కదా, దానికే కొంప మునుగుతుందా అని అడగవచ్చు. ఇక్కడ దొరల ఆస్తి ఎలా అల్లుకుని ఉండేదో చూడాలి. ఆస్తి తరం తర్వాత తరం పెద్దకొడుకుకు ముక్కలు కాకుండా దిగాలని రాసుకున్న ఒప్పందాల వల్ల, కుర్చీలో ఉన్న దొర నిజానికి సొంతదారు కాదు, బతికినన్నాళ్ళు అనుభవించే కాపలాదారు. ఆ నేల మీదే తాతనాటి తాకట్టు వడ్డీ, అమ్మకూ నాయనమ్మకూ ఏటేటా ఇవ్వవలసిన భరణం, చెల్లెళ్ళ కట్నాలు, తమ్ముళ్ళ వాటాలు రాసి ఉండేవి. అవన్నీ పౌన్లలో ఖరారైన అంకెలు. గోధుమ ధరతో అవి దిగవు. ఉదాహరణకు ఏటా పది వేల పౌన్ల కౌలు వచ్చే ఎస్టేటు అనుకుందాం, అందులో ఐదు వేలు ఈ ఖరారు బాకీలకు పోతాయనుకుందాం. కౌలు నాలుగో వంతు తగ్గి ఏడున్నర వేలయితే, దొర చేతికొచ్చేది ఐదు వేల నుంచి రెండున్నర వేలకు పడుతుంది. అంటే సగం పోయింది. పైగా కౌలుదారు పొలం వదిలి పోకుండా ఉండాలంటే వాడి పశువుల కొట్టమూ మురుగు కాలువలూ బాగుచేయించి పెట్టాలి. ఇంట్లో ఏ ఖర్చు ఆపితే ఎవరికీ వెంటనే కనిపించదో ఆ ఖర్చు ముందు ఆగుతుంది. విందు ఆపితే ఊరంతా తెలుస్తుంది. కప్పు మరమ్మతు ఆపితే పావురాలకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ కప్పు దగ్గర కాసేపు ఆగడం అవసరం, వర్షం రోజున అసలు చూడవలసింది అదే కాబట్టి. మన పెంకుటిల్లు నీళ్ళను బయటికి విసిరేస్తుంది. చూరు గోడ దాటి ముందుకు వస్తుంది, నీరు వాకిట్లో పడుతుంది. పదిహేడో శతాబ్దం చివర్నుంచి ఇంగ్లండ్ దొరలకు ఇటలీ మోజు పట్టింది, కప్పు కనిపిస్తే నామోషీ అయింది. కాక్‌లో లాగే గోడను పైకి లేపి రాతి పిట్టగోడ కట్టి, కప్పును దాని వెనక దాచారు. దాంతో వాన నీరు బయటికి పడే దారి పోయింది. అది పిట్టగోడ లోపలివైపు సీసపు రేకులు పరిచిన కాలువల్లోకి జారి, ఇంటి నెత్తి మీదుగానే నడిచి, గోడలో పెట్టిన కంతల గుండా బయటి గొట్టాల్లోకి దిగాలి. గొట్టం నెత్తిన సీసంతో పోత పోసిన ఒక తొట్టి ఉంటుంది. చాలా భవంతుల్లో ఆ తొట్టి మీద కట్టించినవాడి పొడి అక్షరాలు, ఏడాది అంకె, ఒక్కోసారి వంశపు గుర్తు ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. ఇల్లు ఏ సంవత్సరానిదో తెలియకపోతే చరిత్రకారులు చూసే మొదటి చోట్లలో అదొకటి. నీళ్ళు పోయే తొట్టి మీద పేరు చెక్కించుకున్నవాళ్ళకు తమ ఇల్లు దేని మీద నిలబడిందో తెలిసే ఉంటుంది. సీసం మెత్తటి లోహం. ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది, వందేళ్ళో నూటయాభై ఏళ్ళో గడిచేసరికి పగుళ్ళు తీస్తుంది. అప్పుడు దాన్ని ఊడదీసి కరిగించి మళ్ళీ పరవాలి. ఈలోగా ఏటా ఒకడు పైకెక్కి ఆకులు, పిట్టల గూళ్ళు తీసి పారెయ్యాలి. ఒక చచ్చిన పావురం కంతకు అడ్డం పడిందంటే చాలు, జడివానకు కాలువ నిండి నీరు లోపలికి పొర్లుతుంది. తడిసిన ఓకు దూలం చివర గోడలో చీకట్లో బూజు పుడుతుంది. దాని శాస్త్రీయ నామంలో రెండో మాటకు ఏడ్చేది అని అర్థం, దాని ఒంటి మీద నీటి బొట్లు నిలుస్తాయని అలా పేరు పెట్టారు. అది ఇటుక గోడల్లోంచి కూడా పాకి పొడి కర్రను వెతుక్కుంటుంది. కప్పు మీద కింద గదిలోంచి కంటికానే మరక పడేసరికి దూలం లోపల పని పూర్తయి ఉంటుంది. అందుకే భవంతుల విషయంలో కారణానికీ పర్యవసానానికీ మధ్య అర శతాబ్దం దూరం సహజం. 1885లో వాయిదా వేసిన సీసం పని 1930లో కొడుకు నెత్తిన కూలుతుంది.

ఈ కాలదూరమే నా వాదన మీద వచ్చే మొదటి అభ్యంతరం కూడా. 1879లో దెబ్బ తగిలితే ఇళ్ళు అప్పుడే కూలాలి కదా, 1920ల్లో, 1950ల్లో ఎందుకు కూలాయి? జవాబు, ఏది ముందు అమ్మారో ఆ వరసలో ఉంది. 1882లో వచ్చిన కొత్త చట్టం అనుభవదారుడైన దొరకు కుటుంబ నేల అమ్ముకునే వీలిచ్చింది. న్యాయస్థానం ఒప్పుకుంటే వంశపు వస్తువులు కూడా. చట్టం ఊరికే రాలేదు, అమ్మక తప్పని స్థితి వచ్చింది కాబట్టి వచ్చింది. బ్లెనిమ్ భవంతిలోని మార్ల్‌బరో డ్యూకులు ప్రత్యేక అనుమతితో అంతకు ముందే మొదలుపెట్టారు. 1881–83 మధ్య ఆ ఇంటి సండర్లండ్ గ్రంథాలయం వేలానికి పోయింది. 1885లో రఫాయేల్ చిత్రించిన ఆన్సిడై మడోన్నాను లండన్ నేషనల్ గ్యాలరీ 70,000 పౌన్లకు కొంది. అప్పటికి ఒక చిత్రానికి అంత డబ్బు విననిది. అంటే ముందు పుస్తకాలు, తర్వాత బొమ్మలు, తర్వాత దూరపు పొలాలు, తర్వాత ఇల్లు అద్దెకు, ఆఖరికి ఇల్లు. ఏ దేశంలోనైనా చితికిన కుటుంబం ఇదే వరస పాటిస్తుంది. గడప దాకా వచ్చేది చివర్నే. 1893లో వెస్ట్‌మిన్‌స్టర్ డ్యూక్ క్లివ్‌డెన్ భవంతిని అమెరికన్ కోటీశ్వరుడు విలియం వాల్డార్ఫ్ ఆస్టర్‌కు అమ్మాడు. 1897లో పుట్టిన కంట్రీ లైఫ్ పత్రిక ఇళ్ళ అమ్మకాల, అద్దెల ప్రకటనలతోనే మొదటి పేజీలు నింపుకుంది. 1895లో రంగస్థలం ఎక్కిన ఆస్కార్ వైల్డ్ నాటకంలో లేడీ బ్రాక్నెల్ కాబోయే అల్లుడి రాబడి పొలాల మీద కాక వాటాల మీద అని విని ఊరట పడుతుంది. ఇరవై ఏళ్ళ ముందైతే ఆ మాటకు ఎవరూ నవ్వేవారు కారు, అర్థం కూడా అయ్యేది కాదు. అదే ఏడాది బ్లెనిమ్‌లోని మార్ల్‌బరో తొమ్మిదో డ్యూక్ న్యూయార్క్ వెళ్ళి కాన్సుయేలో వాండర్‌బిల్ట్‌ను పెళ్ళాడి, 25 లక్షల డాలర్ల విలువైన రైల్వే వాటాలు కట్నంగా తెచ్చుకున్నాడు. వాండర్‌బిల్ట్‌ల సంపదకు మూలం న్యూయార్క్ సెంట్రల్ రైలుమార్గం. మైదానాల ధాన్యాన్ని సముద్రపు ఒడ్డుకు చేర్చిన మార్గాల్లో అది ముఖ్యమైనది. కౌలును కొట్టిన రైలు డబ్బే కట్నమై వచ్చి కప్పు నిలబెట్టింది.

ఇక మరణ పన్ను. ఆర్థికమంత్రి విలియం హార్కోర్ట్ దాన్ని కొత్త రూపంలో తెచ్చింది 1894లో. గోధుమ 22 షిల్లింగులకు పడిన ఏడాదే. పది లక్షల పౌన్లు మించిన ఆస్తి మీద కూడా రేటు 8 శాతమే. దాన్ని తట్టుకోలేని ఎస్టేటు అప్పటికే బతికిలేనట్టు లెక్క. 1919లో పై మెట్టు 40 శాతమైంది, 1949లో 80 శాతం. ఆ అంకెలు భయంకరమైనవే, కాదనను. రాజకీయాలు ఆ పన్నును ఎందుకు అంత సులువుగా పెంచగలిగాయో కూడా అడగాలి. నేల నుంచి డబ్బుతో పాటు బలం కూడా వెళ్ళిపోయింది. 1884లో పల్లె కూలీకి ఓటు వచ్చింది, 1888లో జిల్లా పాలన ఎన్నికైన మండళ్ళకు పోయింది, 1911లో ప్రభువుల సభ చట్టాలను శాశ్వతంగా ఆపే అధికారం పోగొట్టుకుంది. కౌళ్ళు నిండుగా వస్తున్న 1860ల్లో ఏ ఆర్థికమంత్రీ ఇలాంటి పన్ను తెచ్చి పదవిలో నిలవగలిగేవాడు కాడు.

కాక్ ఆబీనే ఎదురు సాక్ష్యంగా తేవచ్చు. 1981లో చార్ల్స్ హార్పర్ క్రూ చనిపోగానే సుమారు 80 లక్షల పౌన్ల పన్ను పడింది. తమ్ముడు హెన్రీ కట్టలేకపోయాడు. 1984 బడ్జెట్ ప్రసంగంలో ఆర్థికమంత్రి నైజెల్ లాసన్ ఈ ఇంటి కోసం డబ్బు ప్రకటించాడు. మరుసటి ఏడాది అది ట్రస్టుకు చేరింది. ఇంతకన్నా పన్ను హత్య ఏముంటుంది? ఇంటిలోపల మళ్ళీ నడిచి చూస్తే మాత్రం వేరే తేదీలు దొరుకుతాయి. విద్యుత్తు వచ్చింది 1962లో. సర్ వాన్సీ హార్పర్ క్రూ 1886లో, కౌళ్ళు జారుతున్న నడిమధ్యలో, ఆస్తికి వచ్చి 1924 దాకా ఏలాడు. పక్షుల పిచ్చి, మోటారు కార్లను ఎస్టేటులోకి రానివ్వని పట్టుదల ఆయనవి. ఆయన పోగానే పన్ను కోసం కూతురు ఆయన పక్షుల సేకరణలో కొంత భాగం అమ్మింది. ఆ తర్వాత మనుషులు కొన్ని గదుల్లోకి సర్దుకుంటూ, మిగతావి ఒకటొకటిగా మూసేస్తూ వచ్చారు. 1981లో పన్నువాళ్ళు తట్టిన తలుపు వెనక ఉన్నది బతికిన ఇల్లు కాదు, రెండు తరాలుగా కుంచించుకుపోతున్న ఇల్లు. పన్ను కాగితం మీద సంతకం చేయించింది, అంతే.

యుద్ధాల సంగతి ఇంకా త్వరగా తేలుతుంది. వారసులు చనిపోయిన మాట నిజం, ఒకే ఇంట ఇద్దరు ముగ్గురు పోయిన చోట్లూ ఉన్నాయి. అయితే యుద్ధంలో పోయినవారి ఆస్తికి మరణ పన్నులో రాయితీని 1914లోనే చట్టం చేశారు. 1918–21 మధ్య ఇంగ్లండ్ నేలలో నాలుగో వంతు చేతులు మారిందని నాటి పత్రికలు హోరెత్తించాయి. తర్వాతి పరిశోధకులు ఆ అంకెను బాగా తగ్గించారు. అమ్మింది చావుల వల్లనే కాదు, యుద్ధకాలంలో ధర కాస్త లేచింది కాబట్టి, నలభై ఏళ్ళుగా కొనేవాడు దొరకని సరుకుకు బేరం వచ్చింది కాబట్టి. కొన్నవాళ్ళలో ఎక్కువమంది ఆ పొలాల కౌలుదార్లే. రెండో యుద్ధంలో సైన్యమూ బడులూ ఆసుపత్రులూ ఇళ్ళను వాడుకుని నలిపి వదిలేశాయి; 1955 ప్రాంతంలో ఐదు రోజులకొక భవంతి కూల్చారని ఒక అంచనా. కూల్చే కాంట్రాక్టరు మొదట ఎక్కేది కప్పు మీదికే. సీసం అమ్మితే కూల్చివేత ఖర్చు చాలామటుకు వచ్చేసేది.

చరిత్రకారుల నుంచే వచ్చే అభ్యంతరం మరింత గట్టిది. దేశమంతా ఒకటే వ్యవసాయం కాదు, టి. డబ్ల్యు. ఫ్లెచర్ 1961లో చూపినట్టు మాంద్యం ప్రధానంగా ధాన్యపు సీమలది. పాలు, వెన్న, మాంసం అమ్మే పడమటి జిల్లాలకు చౌక గోధుమ అంటే చౌక దాణా, కొన్నిచోట్ల లాభం కూడా. ఇది నిజం, నా వాదనలోంచి కొంత కోసేయక తప్పదు. 1879 వాన ప్రతి ఇంటినీ ఒకేలా ముంచలేదు. కానీ ఏ ఇళ్ళు ఎక్కువ కాలం నిలిచాయో చూస్తే ఆ తేడా నాకే సాయం చేస్తుంది. కాక్ దొరలకు పచ్చిక నేలలుండేవి, టిక్నల్ దగ్గర సున్నపురాయి గనులుండేవి. ఆ ఇల్లు 1981 దాకా ఈడ్చుకుంటూ వచ్చింది. బొగ్గు ఉన్నవారు, లండన్ వీధుల కింద నేల ఉన్నవారు నిలిచారు. గోధుమ ఒక్కటే నమ్ముకున్నవారు ముందు మునిగారు. అంటే తీర్పు చెప్పింది రాబడి ఏ పంట నుంచి వస్తుందన్న సంగతే.

ఇండియా సొమ్ము కూడా ఇక్కడే లెక్కలోకి వస్తుంది. మద్రాసు గవర్నరు థామస్ పిట్ 1702 ప్రాంతంలో కొన్న 410 కేరట్ల ముడి వజ్రం మన కృష్ణా తీరపు గనులది. కొల్లూరుదని ఎక్కువమంది చెబుతారు. దాన్ని 1717లో ఫ్రాన్స్ రాజప్రతినిధికి అమ్మాడు, అదే ఏడాది కార్న్‌వాల్‌లో బొకానక్ ఎస్టేటు కొన్నాడు. ఆ రాయి ఇప్పుడు పారిస్‌లోని లూవ్రలో ఉంది. ఇలాంటి సొమ్ముకు చావు లేదనిపిస్తుంది, కానీ పిట్ వజ్రాన్ని వజ్రంగా ఉంచుకోలేదు, ఎకరాలుగా మార్చాడు. వ్యాపారంలో సంపాదించినవాడికి పరువు నేలలోనే దొరికేది. ఎకరాలుగా మారిన క్షణం నుంచి కొల్లూరు సొమ్ముకూ ఎసెక్స్ సొమ్ముకూ ఒకటే వాతావరణం.

నా వాదనకు పూర్తిగా లొంగని ఇల్లు ఒకటి మాత్రం ఉంది. చెషైర్‌లోని ఈటన్ హాల్ వెస్ట్‌మిన్‌స్టర్ డ్యూకులది. లండన్‌లోని మేఫేర్, బెల్‌గ్రేవియా వారి నేల. దేశంలో అంతకన్నా ధనవంతులు అరుదు. 1870–82 మధ్య వాటర్‌హౌస్ వాస్తులో లక్షలు పోసి తిరగకట్టిన ఆ బ్రహ్మాండమైన భవంతిని 1960ల మొదట్లో వాళ్ళే కూల్చేశారు. డబ్బు లేక కాదు. కౌలు కట్టే ఊళ్ళను, ఓటు వేసే కౌలుదార్లను, వేటకు వచ్చే మంత్రులను ఆకట్టుకునేందుకు పుట్టిన యంత్రం అది. ఆకట్టుకోవలసినవారే లేనప్పుడు అన్ని గదులెందుకు? ఇక్కడ వాన ప్రత్యక్ష సాక్షి కాదు. నేల అధికారం పోవడానికి కౌలు పడిపోవడం ఒక కారణమని మాత్రమే చెప్పగలను, అంతకు మించి లాగితే వాదన తెగుతుంది.

తలుపుల కథ చూస్తే వాదన మళ్ళీ బలం పుంజుకుంటుంది. దొరల ఇళ్ళు చూడ్డం ఇరవయ్యో శతాబ్దపు అలవాటు కాదు. 1849లో దగ్గర్లోని రౌస్లీ దాకా రైలు పడగానే చాట్స్‌వర్త్ భవంతికి ఒక్క వేసవిలో 80,000 మంది వచ్చారు. ఆ ఇంటి డ్యూక్ రుసుం అడగలేదు. నిండుగా కౌలు వచ్చేవాడికి జనం వచ్చి నోరెళ్ళబెట్టడం కూడా ఒక రాబడే. చరిత్రకారుడు పీటర్ మాండ్లర్ చూపినట్టు 1880ల తర్వాత ఆ తలుపులు ఒకటొకటిగా మూసుకున్నాయి. అప్పుడు యుద్ధం లేదు, కొత్త మరణ పన్ను ఇంకా రాలేదు. ఉన్నది కౌలు పతనం, దాంతో పుట్టిన బింకం. తలుపులు మళ్ళీ తెరుచుకున్నది చేతిలో టికెట్టు పుస్తకంతో. 1949లో లాంగ్లీట్ దొర తలకు రెండున్నర షిల్లింగులు పెట్టాడు. అంతకు ముందే 1934లో లోథియన్ ప్రభువు ఇళ్ళు ట్రస్టుకు ఇచ్చే పథకం ప్రతిపాదించాడు, 1937 చట్టం దారి వేసింది, 1940లో ఆయన సొంత ఇల్లు బ్లిక్లింగ్ ఆ దారిన వెళ్ళింది. ట్రస్టు మాత్రం ఇల్లు ఒక్కటే తీసుకోవడానికి ఒప్పుకునేది కాదు. దాన్ని పోషించే నేలో నిధో వెంట ఉండాలని పట్టుబట్టేది. కప్పు ఏటా ఎంత తింటుందో ట్రస్టుకు తెలుసు. ఒకప్పుడు కౌలుదారు మైకెల్మస్ పండక్కి తెచ్చిచ్చిన డబ్బు స్థానంలో ఇప్పుడు గుర్రపుశాలల దగ్గర టికెట్టు డబ్బు, టీ డబ్బు పడుతున్నాయి.

కాక్‌లో చివరికి చూపించేది ఒక మంచం. 1734లో రెండో జార్జి రాజు కూతురు ఆన్ పెళ్ళి సందర్భంగా ఇంటికి చేరిందని నమ్మే రాజవైభవపు పందిరి మంచం, చైనా పట్టు తెరలతో. దాన్ని ఎందుకో ఎన్నడూ బిగించలేదు. పెట్టెల్లోనే రెండున్నర శతాబ్దాలు పడి ఉంది. ట్రస్టువాళ్ళు విప్పేసరికి నీలం నీలంగానే ఉంది, డ్రాగన్లూ పువ్వులూ నిన్న కుట్టినట్టున్నాయి; చెట్టు మానుల మీది కణుపులకు చుట్టిన నెమలి ఈక తళుకు కూడా పోలేదు. ఇప్పుడది గాజు గోడ వెనక, మసక వెలుతురులో, తేమ కొలిచే పరికరం పక్కన నిలబడి ఉంది. పైన కొత్త సీసం మీద వాన చప్పుడు అక్కడి దాకా వినిపించదు.